పక్క మీద చదువుకునేవాళ్ళకి పొట్టి కోటు

ఒడిశాలోని కోరాపుట్ ఊరు సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. దేవమాలి కొండ చుట్టుపక్కల, సిమిలిగుడ, పొట్టంగి వైపు, డిసెంబరు, జనవరిలో పది డిగ్రీల లోపుకి దిగే రాత్రులుంటాయి. దుప్పటి నడుము దాకా లాక్కుని గోడకి చేరబడి పుస్తకం పట్టుకుంటే చలి పట్టేది మెడ వెనక, భుజాల మధ్య వీపు మీద, మోచేతుల కింద. శాలువా పేజీ తిప్పినప్పుడల్లా జారిపోతుంది. స్వెటరేమో నిలబడ్డ మనిషి కొలతకి చేసింది. చేతులు ముందుకు చాపగానే వీపు దగ్గర బిగిసి, నడుము దగ్గర పైకి లేస్తుంది. అందుకే ఈ కోటుకి కొలతలన్నీ కూర్చోబెట్టి తీయాలి. మిగతా కుట్టు అంతా లంగా, లాల్చీ కుట్టగలిగినవాళ్ళకి వచ్చిందే.

మంచం మీద కాళ్ళు చాపించి, చేతిలో పుస్తకం పెట్టి కొలవండి. మెడ వెనక ఎముక నుంచి పరుపు దాకా వచ్చిన పొడవులో రెండంగుళాలు తగ్గిస్తే వెనక భాగం పొడవు. తగ్గించకపోతే కోటు అంచు పిర్రల కింద పడి, కదిలినప్పుడల్లా మెడని వెనక్కి లాగుతుంది. ముందు భాగం వెనక కంటే ఒక అంగుళం పొట్టిగా ఉండాలి, లేదంటే ఒళ్ళో పోగుపడుతుంది. ఛాతీ చుట్టుకొలతకి 8 అంగుళాల లూజు కలపండి. ఎక్కువనిపించవచ్చు గానీ లోపల నైటీయో చొక్కానో ఉంటుంది, పైగా చేతులు ముందుకి వచ్చినప్పుడు వీపు అడిగే గుడ్డ ఇందులోంచే రావాలి.

ఇక్కడి లెక్క 36 ఛాతీకి, మెడ నుంచి పరుపుకి 25 అంగుళాలు ఉన్నవాళ్ళకి. పైగుడ్డ 44 అంగుళాల పన్నాలో 1.75 మీటర్లు, లోపలికి కాటన్ ఫ్లానెల్ (నూగున్న మెత్తటి నూలుగుడ్డ) 1.5 మీటర్లు. ఫ్లానెల్ 36 పన్నాలో దొరికితే 2 మీటర్లు తీసుకోండి. ఛాతీ 40 వచ్చిందంటే గుడ్డ పన్నాలో చేతుల ముక్కలు ఒంటి ముక్క పక్కన పట్టవు, రెండు గుడ్డలూ ఇంకో అర మీటరు కావాలి.

పైకి ముతక నేత గుడ్డ బాగుంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. కోట్‌పాడ్ నేతగుడ్డ, ఆల్ చెట్టు వేరు రంగుతో మిర్గాన్ నేతగాళ్ళు నేసేది, 2005లో భౌగోళిక గుర్తింపు పొందింది. అది ఖరీదైనది కాబట్టి కోటంతా దానితో కుట్టనక్కర్లేదు, మెడపట్టీకి వాడితే చాలు. రాయగడ వైపు డొంగ్రియా కోంధు గిరిజనుల కప్డాగండా శాలువా ఇంట్లో ఉంటే మాత్రం దాని మీద కత్తెర పెట్టకండి. అది చేత్తో కుట్టిన పని, కప్పుకోవడానికే ఉంచండి.

రెండు గుడ్డలూ కత్తిరించకముందే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేయాలి. ఫ్లానెల్ పైగుడ్డ కంటే ఎక్కువ కుంచించుకుపోతుంది. ఈ పని తప్పించిన కోటు మొదటి ఉతుకుకే లోపల బిగిసి, పైన బుడగలు తేలుతుంది. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో కూడా అప్పుడే చూసుకోండి.

ఒంటికి ఒకే ముక్క: 23 అంగుళాల వెడల్పు, 47 పొడవు. భుజం దగ్గర కుట్టు లేదు, మడతే. మడత సరిగ్గా నడిమధ్యన కాకుండా ముందుకి 23, వెనక్కి 24 వచ్చేలా వేసి సుద్దతో గీత గీయండి. మడత మీద మెడకి మధ్య నుంచి ఇటు 3, అటు 3. వెనక మెడ లోతు ముప్పావు అంగుళమే. ముందు భాగాన్ని నిలువునా మధ్యలో చీల్చి, మడత నుంచి 7 అంగుళాల కిందికి ఏటవాలుగా మెడ తీయండి. చేతులు రెండు: పైన 19 వెడల్పు, కింద 11, పొడవు 18.5. పై నాలుగంగుళాలూ వెడల్పు తగ్గించకుండా నిటారుగా ఉంచి, అక్కడి నుంచి సన్నం చేయండి. కింద ఇంతకన్నా వెడల్పయితే చేతి గుడ్డ పుస్తకం మీద వాలుతుంది. చంకకి 5 అంగుళాల చదరపు ముక్కలు రెండు. పైగుడ్డలో మాత్రం మెడపట్టీకి 5 అంగుళాల వెడల్పు పట్టీలు పన్నా అంతటా అడ్డంగా రెండు. ఫ్లానెల్‌లో పట్టీలు అక్కర్లేదు.

ఒంటి ముక్క, చేతులు పరిచి ఉండగానే చేతి మధ్యని భుజం మడతకి కలిపి అరంగుళం కుట్టు వేయండి. మందంగా ఉన్నచోట 16 నంబరు సూది, అంగుళానికి 8 కుట్లు చాలు.

అందరూ తడబడేది చంక ముక్క దగ్గరే. ఒక అంచు చేతి పక్కకి, దానిని ఆనుకున్న అంచు ఒంటి పక్కకి, మిగతా రెండూ అవతలి వైపుకి. ప్రతి కుట్టూ మూలకి అరంగుళం ముందే ఆపి వెనక్కి తిప్పి ముడివేయాలి. అంచు దాకా లాగితే మూలలో ముడత పడుతుంది, ఇస్త్రీతో పోదు. విప్పి మళ్ళీ కుట్టడమే. ఆ తరవాత చేతి కిందా పక్కా కుట్టండి. పక్కన అడుగున 3 అంగుళాలు చీలికగా వదలండి. కూర్చున్నప్పుడు తుంటి దగ్గర గుడ్డ విచ్చుకోవాలి.

ఫ్లానెల్‌ని విడిగా ఇలాగే కుట్టండి. చేతులు అతికించకముందు దాని వెనక వైపున, వీపు పైభాగం 10 అంగుళాలు, భుజం మీదుగా ముందుకి 4 అంగుళాలు వచ్చేలా పాత ఉన్ని శాలువా ముక్క ఒకటి పరిచి, రెండంగుళాలకొక వరసగా బొంత కుట్టు వేయండి. ముందు భాగంలో అది మెడ దగ్గర ఆగాలి, పట్టీలోకి వెళ్తే సూది విరుగుతుంది. గోడ చల్లదనం నేరుగా తగిలేది వీపు పైభాగానికే. కోటంతా మందం చేస్తే మోచేతులు మడవలేరు. దూది పెట్టాలనుకునేవాళ్ళు ఉంటారు గానీ దగ్గర దగ్గరగా కుట్లు లేకపోతే దూది ఉతుకులో ఉండలు కట్టి అడుగుకి చేరుతుంది.

లోపలిదాన్ని పైదానిలో దూర్చి, కుట్టు వైపులు ఎదురెదురుగా పెట్టి, మెడ చుట్టూ కచ్చా కుట్టు వేయండి. ఇది మానేస్తే మిషన్ పాదం కింద ఫ్లానెల్ సాగి ఒక వైపు పొడవవుతుంది. మెడపట్టీకి ఒక పట్టీ పూర్తిగా, రెండోదానిలో 14 అంగుళాలు అతికి, అతుకు కింద అంచు దగ్గరకి వచ్చేలా పెట్టండి, మెడ వెనక పడితే గుచ్చుకుంటుంది. కుట్టి మడిచాక పట్టీ 2 అంగుళాలు మిగులుతుంది. ముందు రెండు వైపులూ ఒకదాని మీద ఒకటి 3 అంగుళాలు కప్పుకుంటాయి, ఛాతీకి గాలి తగలదు. మిగిలిన పట్టీ గుడ్డతో నాడాలు. మామ్మలకీ, వేళ్ళు పట్టేసేవాళ్ళకీ గుండీల కంటే నాడాలే సుఖం. జిప్పు వద్దు, చల్లటి లోహం ఒంటికి తగులుతుంది.

కోటుని ఒక రాత్రి వేలాడదీశాకే అడుగు అంచు మడవండి, ఫ్లానెల్ కొంచెం దిగుతుంది. పైగుడ్డ అంగుళం లోపలికి, ఫ్లానెల్ దానికి అరంగుళం పైన ఆగేలా మడిచి చేత్తో హెమ్మింగ్. కళ్ళద్దాల జేబు ఛాతీ మీద పెట్టండి, కింద పెడితే దుప్పటి కింద మూసుకుపోతుంది.

కొనేవాళ్ళు చలికాలంలో కోరాపుట్ దగ్గరి జయపూర్, రాయగడ బజారులో ఉన్ని కోటు చూస్తే తొడుక్కుని, కుర్చీలో కూర్చుని, చేతులు చాపి చూడండి. వీపు లేస్తే అది పనికిరాదు. ఇంట్లో పాత స్వెటరు ఉంటే ముందు మధ్యన పావు అంగుళం ఎడంగా రెండు మిషన్ కుట్లు వేసి, ఆ రెండిటి మధ్య చీల్చి, పట్టీ అతకండి. కుట్టు లేకుండా చీలిస్తే అల్లిక వరసలు జారిపోతాయి.

గదిలో కుంపటి పెట్టుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. పాలిస్టర్ ఫ్లీస్ నిప్పురవ్వకి కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఫ్లానెల్ నూగు కూడా తొందరగా అంటుకుంటుంది. కుంపటిని మంచానికి దూరంగా ఉంచి, కిటికీ కొంచెం తెరిచి పెట్టండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిద్రపోయే ముందు కుంపటిని బయట పెట్టేయాలి.

కోటుని చల్లటి నీళ్ళలో విడిగా ఉతికి, పిండకుండా నీళ్ళు ఓడ్చి, తిరగేసి నీడలో ఆరేయండి. దండెం మీద భుజాలతో వేలాడదీస్తే తడి బరువుకి ఉన్ని ముక్క కిందికి దిగుతుంది. నడుము దగ్గర మడిచి వేయండి.