ఇల్లు మనదే అయినా హెచ్‌ఓఏ ఎందుకు? కొనే ముందు చూడాల్సినవి

అమెరికాలో విడి ఇళ్ల కాలనీలో ఇల్లు కొనేటప్పుడు చాలామందిని తొలిచే సందేహం ఒకటుంది: గోడలు, కప్పు, పెరడు అన్నీ మనవే అయినప్పుడు హెచ్‌ఓఏకి (హోమ్‌ఓనర్స్ అసోసియేషన్, అంటే కాలనీ ఇళ్లవాళ్ల సంఘానికి) ఫీజు దేనికి? జవాబు కాలనీ ప్లాట్ మ్యాపులో ఉంటుంది. కౌంటీ రికార్డుల్లోంచి ఆ మ్యాపు తీసి, ఇళ్ల స్థలాలు కాకుండా మిగిలిన ముక్కలు చూడండి. వాన నీటి చెరువు, లోపలి ప్రైవేటు రోడ్లు, పార్కు, స్విమ్మింగ్ పూల్ లాంటివి సాధారణంగా హెచ్‌ఓఏ పేరు మీదే ఉంటాయి. ఫీజు ప్రధానంగా వాటి నిర్వహణకు.

కొత్త కాలనీలో పడిన వాన నీటిని అక్కడే ఆపి మెల్లగా వదలాలని చాలా ఊళ్లు షరతు పెడతాయి. ఆ చెరువు బాగోగులు మాత్రం తాము తీసుకోవు. బిల్డర్ ఇళ్లు అమ్మేసి వెళ్లిపోతాడు కాబట్టి, ఆ బాధ్యతను హెచ్‌ఓఏకి అప్పగిస్తూ ముందుగానే సీసీఅండ్‌ఆర్ అనే నిబంధనల పత్రాన్ని కౌంటీలో రికార్డు చేయిస్తాడు. ఇల్లు కొనగానే హెచ్‌ఓఏ సభ్యత్వం దానంతటదే వస్తుంది, వద్దనే వీలుండదు.

రంగుల మీద, గడ్డి మీద పెట్టే నియమాల గురించే అందరూ మాట్లాడతారు. అసలు దెబ్బ రిజర్వు నిధి (పెద్ద మరమ్మతుల కోసం హెచ్‌ఓఏ దాచే డబ్బు) దగ్గర తగులుతుంది. చెరువులో పూడిక తీయించాలన్నా, రోడ్డు మళ్లీ వేయాలన్నా ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాలి. అందుకని ఆ నిధి ఎంత ఉండాలో, ఎంత ఉందో లెక్కగట్టే రిజర్వ్ స్టడీ అడిగి తీసుకోండి. అందులో ‘పర్సెంట్ ఫండెడ్’ (ఉండాల్సిన నిధిలో ఎంత శాతం ఉందో) 70 దాటితే నిశ్చింత. 30 లోపుంటే స్పెషల్ అసెస్‌మెంట్ (ఫీజు కాక ఇళ్లవాళ్ల నుంచి అదనంగా వసూలు చేసే మొత్తం) పడే ప్రమాదం ఎక్కువ. ఫీజు తక్కువని సంబరపడకండి, నిధి ఖాళీగా ఉండటానికి తరచూ అదే కారణం. ఏడాది మీటింగ్ మినిట్స్ చదివితే రాబోయే ఖర్చులు, కోర్టు కేసులు బయటపడతాయి.

కొత్త కాలనీ అయితే హెచ్‌ఓఏను నడిపే బోర్డు ఇంకా బిల్డర్ చేతిలోనే ఉందేమో కనుక్కోండి. ఫ్లోరిడాలో సాధారణంగా 90 శాతం స్థలాలు అమ్ముడయ్యాక మూడు నెలలకు బోర్డులో మెజారిటీ ఇళ్లవాళ్లకు వస్తుంది. అమ్మకాలు సాగాలని అప్పటిదాకా ఫీజు తక్కువగా ఉంచే బిల్డర్లున్నారు. పగ్గాలు చేతికొచ్చాక అది పెరుగుతుంది.

ఫీజు ఎగ్గొడితే ఇంటి మీద లీన్ (బాకీకి హక్కు నమోదు) పడుతుంది, చాలా రాష్ట్రాల్లో ఫోర్‌క్లోజర్ (బాకీ కింద ఇల్లు అమ్మేయడం) దాకా వెళ్తుంది. మార్ట్‌గేజ్ ఎస్క్రోలో (ఇంటి పన్ను, బీమా కోసం గృహరుణ వాయిదాతో పాటు జమయ్యే ఖాతాలో) ఈ ఫీజు సాధారణంగా కలవదు, విడిగా కట్టాలి.

కంచె వేయాలన్నా, రంగు మార్చాలన్నా హెచ్‌ఓఏలోని ఆర్కిటెక్చరల్ కమిటీ (ఇంటి బయటి మార్పులను చూసే కమిటీ) అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. పొరుగాయన కంచె అలాగే ఉందన్న వాదన మీద ఆధారపడొద్దు. మీ ఇంటి మీద ఒక మీటరు లోపు శాటిలైట్ డిష్‌ను మాత్రం ఎఫ్‌సీసీ (అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) నియమం ప్రకారం హెచ్‌ఓఏ నిషేధించడానికి వీల్లేదు.