కీమో ఎక్కించాక ఏ రోజుల్లో ఏం కనిపెట్టుకుని ఉండాలి

కీమో మందుల్లో చాలావాటికి క్యాన్సర్ కణమేదో, మంచి కణమేదో తెలియదు. విభజన జరుగుతున్న కణం దొరికితే చాలు, దెబ్బతీస్తాయి. అందుకే ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టే ఎముక మజ్జ, నోటి పొర, పేగుల లోపలి పొర, జుట్టు కుదుళ్లు ముందుగా నష్టపోతాయి.

అందరి భయమూ జుట్టు గురించే. నిజానికి భయపడాల్సింది రక్తకణాల గురించి. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, ప్లేట్‌లెట్ 8-10 రోజులు. ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్‌ ఆయుష్షు మాత్రం గంటల నుంచి కొద్ది రోజులే. ఈ కణాలన్నీ పుట్టేది ఎముక మజ్జలోనే, అక్కడ ఉత్పత్తి ఆగితే ముందు పడిపోయేవి న్యూట్రోఫిల్సే. చాలా మందులకు, కీమో ఎక్కించాక 7వ రోజు నుంచి 14వ రోజు వరకు వాటి కౌంట్ (సంఖ్య) అట్టడుగున ఉంటుంది.

ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం, మధ్యలో చలి పుట్టినా సరే, జ్వరం చూడండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ (38 సెల్సియస్) తగిలితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి ఫోన్ చేయాల్సిందే. జ్వరం చూడకుండా పారాసెటమాల్ వేయకండి. అది జ్వరాన్ని కప్పేస్తుంది, ఇన్‌ఫెక్షన్ లోపల పెరుగుతూనే ఉంటుంది. చీము లేదు కదా అని ఊరుకోవద్దు. చీము పట్టాలన్నా న్యూట్రోఫిల్సే కావాలి. మలద్వారంలో థర్మామీటర్ పెట్టకూడదు.

నోటిపూత సాధారణంగా 5-10 రోజుల మధ్య మొదలవుతుంది. ఒక కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూన్ వంటసోడా, ఆ సోడాలో సగమంత ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయండి, తర్వాత మంచినీళ్లతో కడుక్కోండి. వంటసోడా బదులు బేకింగ్ పౌడర్ పనికిరాదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుండును ఇంకా మండిస్తుంది. మెత్తటి బ్రష్ వాడండి. నీళ్లు కూడా మింగలేకపోతే ఇంటి వైద్యం ఆపి డాక్టరుకు చెప్పండి.

జుట్టు రాలితే 2-4 వారాల్లో మొదలవుతుంది. అన్ని మందులకూ రాలదు.

విభజన దాదాపు లేని నరాలు, గుండె కండరం కూడా కొన్ని మందులకు దెబ్బతింటాయి, కాకపోతే దెబ్బతినే దారి వేరు. డాక్సోరూబిసిన్ గుండెకు హాని చేయగలదు కాబట్టి జీవితకాలంలో ఇచ్చిన మొత్తం మోతాదును లెక్కగడతారు. విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ వేళ్లకు తిమ్మిరి తెస్తాయి. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్న కొద్దిరోజులు చల్లటి సీసా పట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి. ఫ్రిజ్ తెరిచేముందు గ్లౌజులు వేసుకోండి. తిమ్మిరి ఓర్చుకోవాల్సిన బాధ కాదు. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైతే తర్వాతి డోసుకు ముందే చెప్పండి, మోతాదు తగ్గించడమో మందు మార్చడమో అప్పుడే కుదురుతుంది.