ఫ్రిజ్ తలుపు సరిగా అతుక్కోవడం లేదా?

మాది భీమవరం దగ్గర, ఇంటి వెనకే కాలవ. వానాకాలం వచ్చిందంటే ఈ తేమకి ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో నల్ల బూజు పట్టేస్తుంది. తలుపు సరిగా అతుక్కోదు, లోపలంతా చెమ్మ. రబ్బరు మార్పించే ముందు ఇది చేసి చూడండి.

ప్లగ్ తీసేసి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి, మడతలు విప్పుతూ పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అసలు మురికి కింది వైపు మడతలోనే ఉంటుంది. మా ఫ్రిజ్‌లో చేపల పులుసు ఒలికి ఎండిపోయిన చార అక్కడే దొరికింది. తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో చెమ్మ లేకుండా ఒత్తాలి.

తర్వాత పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా వస్తే సరే. జారిపోయి వచ్చేస్తే, వేడినీళ్లలో ముంచి పిండిన బట్టను ఆ చోట ఐదు నిమిషాలు అద్ది, రబ్బరును వేళ్లతో కాస్త బయటికి లాగి, తలుపు మూసి గంటసేపు వదిలేయండి. మాకు అలాగే సర్దుకుంది.

రబ్బరు చిరిగినా, పెళుసెక్కినా ఇది పనిచేయదు, మార్చాల్సిందే. మరిగే నీళ్లు మాత్రం వాడకండి, రబ్బరు వంకర పోతుంది.