టమాటా ధరల మీద ఎకనోమెట్రిక్స్ ఫైనల్ ప్రాజెక్టు: విశాఖలో చేసేవారికి

ఎంఏ చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టుకు సుమారు పదహారు వారాలు దొరుకుతాయి. అందులో రిగ్రెషన్ (ఒక సంఖ్య మారితే ఇంకొకటి ఎంత మారుతుందో లెక్కగట్టే పద్ధతి) నడపడం ఒక్క సాయంత్రం పని. మిగతా కాలమంతా ప్రశ్నను బిగించడానికి, డేటాలో ఒక్కో వరస దేన్ని చెబుతుందో తెలుసుకోవడానికి పోతుంది, పోవాలి కూడా. అక్కడ తొందరపడితే ఎంత పెద్ద మోడల్ వేసినా ప్రాజెక్టు నిలబడదు.

'విశాఖలో కూరగాయల ధరలు - ఒక పరిశీలన' అనేది ప్రశ్న కాదు. 'మదనపల్లె మార్కెట్లో టమాటా టోకు ధర పెరిగినప్పుడు విశాఖ చిల్లర ధర ఎంత వేగంగా పెరుగుతుంది, తగ్గినప్పుడు అంతే వేగంగా తగ్గుతుందా?' అనేది ప్రశ్న. దీనికి రెండు వరసల డేటా చాలు, జవాబు ఒక సంఖ్యగా వస్తుంది. సంసారం నడిపే ఎవరికైనా అర్థమవుతుంది కూడా.

టోకు ధర అగ్‌మార్క్‌నెట్‌లో, అంటే మార్కెట్ యార్డుల ధరలు ఇచ్చే ప్రభుత్వ వెబ్‌సైటులో, క్వింటాలుకు ఇంత అని ఉంటుంది. కనిష్ఠ, గరిష్ఠ ధరల పక్కనే మోడల్ (modal) ధర అని ఇస్తారు, అంటే ఆ రోజు ఎక్కువ లావాదేవీలు జరిగిన ధర. మీరు తీసుకోవలసింది దాన్నే. చిల్లర ధరకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఊళ్లవారీగా ఇచ్చే రోజువారీ ధరల్లో విశాఖ వరస చూడండి. అది కిలో లెక్క. ముందు క్వింటాలు ధరను 100తో భాగించి, ఆ తర్వాతే రెండింటికీ లాగ్ (లాగరిథమ్) తీయండి.

ఎంవీపీ కాలనీ రైతుబజారు బోర్డు మీది ధరలు రాసుకుంటే తేలికే కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రైతుబజారు ధరను పొద్దున్నే అధికారులు నిర్ణయిస్తారు, అదీ టోకు ధర చూసి, బయటి చిల్లర ధరకు తక్కువగా ఉండేలా. దాన్ని టోకు ధరతో రిగ్రెస్ చేస్తే బ్రహ్మాండమైన సంబంధం కనిపిస్తుంది. కానీ మీరు కొలిచింది మార్కెట్‌ని కాదు, ధర కట్టే నియమాన్ని. సొంతంగా ధరలు సేకరించాలనుకుంటే పూర్ణా మార్కెట్ లాంటి చోట రోజూ అదే వేళకు, అవే నాలుగైదు దుకాణాల్లో అడగండి. ట్రే ధర చెబితే ట్రేకి ఎన్ని కిలోలో కూడా రాసుకోండి.

ఇక ఖాళీలు. మార్కెట్ సెలవు రోజున ధర ఉండదు. కొందరు నిన్నటి ధరనే దించి నింపేస్తారు, కొన్నిసార్లు మనకు వచ్చే డేటాలోనే అలా నింపి ఉంటుంది. వరసగా నాలుగైదు రోజులు పైసా తేడా లేకుండా ఒకే ధర కనిపిస్తే అనుమానించండి. అలాంటి డేటాలో చిల్లర ధర నిజంగా కదిలినదానికన్నా బద్ధకంగా కనిపిస్తుంది, మీరు కొలవబోయేది సరిగ్గా ఆ వేగాన్నే. దీనికి వారంలో ఒక్క రోజు, ఉదాహరణకు బుధవారం, ధర మాత్రమే తీసుకోవడం మంచిది. బుధవారం లేకపోతే గురువారం. వారం సగటు తీయకండి: సగటు వల్ల అసలు లేని సహసంబంధం వరుస మార్పుల మధ్య పుట్టుకొస్తుంది. మూడేళ్లకు 156 వారాలు వస్తాయి, ఈ పనికి సరిపోతాయి.

మోడల్‌కి వెళ్లేముందు రెండు వరసలనూ ఒకే గ్రాఫ్ మీద గీయండి. మీ డేటాలో 2023 జులై ఉండి, అప్పుడు కిలో వంద దాటిన శిఖరం కనిపించకపోతే డేటా కలపడంలోనే ఏదో తప్పు జరిగింది. 2014 దాకా వెనక్కి వెళ్లేవారికి అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తగిలిన వారాలు, 2020 మార్చి 25 తర్వాతి లాక్‌డౌన్ వారాలు ఉంటాయి. వాటికి ఆ కొద్ది వారాలకే డమ్మీ (ఆ వారాల్లో 1, మిగతా వారాల్లో 0 ఉండే వరస) పెట్టాలి, అప్పటినుంచి చివరిదాకా కాదు.

తర్వాత ఏడీఎఫ్ పరీక్ష, అంటే ధర ఒక సగటు చుట్టూ తిరుగుతూ స్థిరంగా ఉందా, ఎటో కొట్టుకుపోతోందా అని చూసేది. రెండు ధరలూ స్థిరంగా లేక, వారం వారం వాటి మార్పులు స్థిరంగా ఉంటే కోఇంటిగ్రేషన్, అంటే రెండు ధరలూ దీర్ఘకాలంలో కలిసి కదులుతున్నాయా అన్నది, చూడాలి. చిల్లర లాగ్‌ను టోకు లాగ్‌తో రిగ్రెస్ చేసి, మిగిలిన అవశేషాలకు (అసలు ధరకూ రిగ్రెషన్ చెప్పిన ధరకూ తేడాలు) మళ్లీ ఏడీఎఫ్ వేస్తారు. ఇక్కడ 5 శాతం స్థాయిలో మామూలు హద్దు -2.86 వాడకూడదు. అవశేషాలు మనం అంచనా వేసి తెచ్చినవి కాబట్టి పెద్ద నమూనాలో హద్దు సుమారు -3.34, స్టాటిస్టిక్ దానికన్నా కిందికి రావాలి. స్టాటిస్టిక్ -3.0 వచ్చిందని 'సంబంధం ఉంది' అని రాసేస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది. ఆర్-స్క్వేర్ (రిగ్రెషన్ డేటాకు ఎంత బాగా అమరిందో చెప్పే అంకె) డర్బిన్-వాట్సన్ (వరుస అవశేషాలు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయా చెప్పే అంకె) కన్నా పెద్దదిగా ఉందా అన్నదీ చూడండి. ఉంటే అది ఉత్తుత్తి రిగ్రెషన్ (లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపేది) కావచ్చని ఆర్థికవేత్తలు గ్రాంజర్, న్యూబోల్డ్ 1974లోనే హెచ్చరించారు.

కోఇంటిగ్రేషన్ నిలబడితే ఎర్రర్ కరెక్షన్ మోడల్, అంటే దారి తప్పిన ధర మళ్లీ ఎంత వేగంగా దారికొస్తుందో కొలిచేది. కిందటి వారం అవశేషాన్ని రెండుగా విడగొట్టండి: చిల్లర ధర ఉండాల్సినదానికన్నా పైన ఉన్న వారాలు ఒకటి, కింద ఉన్న వారాలు ఇంకొకటి. పైన ఉన్నప్పటి గుణకం -0.20 వస్తే, అంటే వారానికి తేడాలో 20 శాతం తీరితే, ఆ తేడా సగం తీరడానికి పట్టే కాలం లాగ్ 0.5ని లాగ్ 0.8తో భాగిస్తే వస్తుంది, సుమారు మూడు వారాలు. కింద ఉన్నప్పటి గుణకం -0.50 అయితే ఒక్క వారమే. కానీ రెండు సంఖ్యలు వేరుగా కనిపించడం చాలదు, అవి సమానమన్న ఊహను వాల్డ్ పరీక్షతో (గుణకాల మీది ఊహలను పరీక్షించేది) తోసిపుచ్చగలగాలి. స్టాండర్డ్ ఎర్రర్లు (గుణకాల్లో ఉండగల తప్పు ఎంతో చెప్పేవి) న్యూవీ-వెస్ట్‌వి వాడండి, అవి వరుస వారాల మధ్య ముడిని లెక్కలోకి తీసుకుంటాయి. 156 వారాలకు నాలుగు వెనుకటి వారాలతో (lags) మొదలుపెట్టి, ఎనిమిదితోనూ చేసి చూడండి.

చిల్లర నెమ్మదిగా దిగిందని తేలగానే 'దళారుల దోపిడీ' అని రాయబుద్ధవుతుంది. ఆగండి. నిన్న ఎక్కువ ధరకు కొన్న సరుకు ఇంకా బండి మీద ఉండొచ్చు, కుళ్లి పారేసినదాని నష్టం మిగిలినదాని మీద పడి ఉండొచ్చు. మీ మోడల్ వీటిని విడదీయలేదు. ఆ మాట ఫలితాల అధ్యాయంలోనే రాయండి, చివరి పేజీకి నెట్టకండి.

దించుకున్న అసలు ఫైలును ఎప్పుడూ ముట్టుకోవద్దు. ఎక్సెల్‌లో చేత్తో దిద్దిన ఒక్క గడి చాలు, రెండు నెలల తర్వాత ఆ సంఖ్య ఎక్కడిదో మీకే తెలియకుండా పోవడానికి. దిద్దుబాట్లన్నీ ఆర్ లేదా స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఫైలులో, ఒక్కోదానికీ కారణం పక్కనే రాసి పెట్టండి. సమర్పించే ముందురోజు ఆ ఫోల్డర్‌ను స్నేహితుల కంప్యూటర్‌లో మొదటినుంచి నడిపించి, థీసిస్‌లోని పట్టికలతో అంకె అంకె సరిచూడండి.