జెల్ అయిపోయినప్పుడు కార్న్‌ఫ్లోర్ గంజితో స్కాన్: నా అనుభవం

దక్షిణ సూడాన్‌లో వానాకాలం నల్లరేగడి దారులు బురదలో మూసుకుపోయిన రోజుల్లో, మా క్షేత్ర ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ జెల్ అయిపోయింది. ఒంటికి ఆనించి స్కాన్ చేసే ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య గాలి నిలవడంతో తెర మీద నలుపు తప్ప ఏమీ కనిపించేది కాదు. నీళ్లు జారిపోయాయి, సబ్బు నురగ గాలిని ఇంకా పెంచింది, వంటనూనె ప్రోబ్ రబ్బరును పాడుచేస్తుందన్న భయంతో మానుకున్నాను.

చివరికి పనిచేసింది గంజి. ఒక వంతు కార్న్‌ఫ్లోర్‌ను పది వంతుల చన్నీటిలో, పొయ్యి మీద పెట్టకముందే, ఉండలు లేకుండా కలిపాను. వేడినీటిలో వేస్తే ఉండకట్టి, ఆ ఉండల్లో గాలి చిక్కుకుంటుంది. తరువాత సన్నని మంట మీద ఆపకుండా తిప్పుతూ, తెల్లదనం తగ్గి చిక్కబడగానే దించి, వడకట్టి, బుడగలు తేలిపోయి పూర్తిగా చల్లారేదాకా ఆగి సీసాలో నింపాను. ఈ ఆగడమే అన్నిటికన్నా ముఖ్యం. ఆ సాయంత్రం పేలుడులో గాయపడిన వ్యక్తికి కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య చేరిన రక్తం నల్లని పట్టీలా స్పష్టంగా కనిపించింది.

ఇది ఒక్క ప్రోబ్‌తో నాకు కలిగిన అనుభవం మాత్రమే. మీ ప్రోబ్ తయారీదారు సూచనలు తప్పక చూడండి. ఈ గంజి క్రిమిరహితం కాదు కనుక తెరిచిన గాయాల మీద, సూది గుచ్చే చోట వాడలేదు. మిగిలినది ఏ రోజుకారోజు పారబోసి, ఆరి పొర కట్టకముందే ప్రోబ్‌ను తుడిచాను.