కంటైనర్లలో పీహెచ్‌పీ – 4వ పాఠం: రసీదు వెళ్లింది, బ్యాగు వెళ్లలేదు

పోయిన పాఠంలో కంపోజ్ ఫైలు (ఏ కంటైనర్లు ఎలా నడవాలో చెప్పే ఫైలు) రాసి రెండు కంటైనర్లు, అంటే ఒకదానికొకటి విడిగా ప్రోగ్రాములు నడిచే పెట్టెలు, లేపాం. వెబ్ సర్వరైన ఎన్జినెక్స్ ఉన్నదానికి ‘వెబ్’ అని, పీహెచ్‌పీ కోడును నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం ఉన్నదానికి ‘యాప్’ అని పేర్లు పెట్టుకున్నాం. ఈరోజు ఆ రెంటినీ కలుపుదాం.

ఎన్జినెక్స్‌కి పీహెచ్‌పీ రాదు. బొమ్మలు, సీఎస్‌ఎస్ లాంటివి తనే ఇచ్చేస్తుంది. పీహెచ్‌పీ ఫైలు అడిగితే మాత్రం ఫాస్ట్‌సీజీఐ అనే, సర్వర్లు పని అప్పజెప్పుకునే పద్ధతిలో ఎఫ్‌పీఎంకి అప్పజెబుతుంది. ఎక్కడికి పంపాలో ఎన్జినెక్స్ కాన్ఫిగ్‌లోని ‘ఫాస్ట్‌సీజీఐ పాస్’ లైనులో చెప్పాలి. అక్కడ ‘యాప్’, ఒక కోలన్, ఎఫ్‌పీఎం వినే పోర్టు నంబరు 9000 అని రాయండి. ఒకే మెషీన్ మీద పనిచేసిన అలవాటుతో చాలామంది లోకల్‌హోస్ట్ అని రాస్తారు. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. వెబ్ తన ఇంటి తలుపు తనే కొట్టుకుంటుంది, లోపల పలికేవాళ్లు లేక 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) వస్తుంది. ఈ 9000 పోర్టును బయటికి పబ్లిష్ చేయొద్దు. చేస్తే ఎవరైనా నేరుగా ఎఫ్‌పీఎంతో మాట్లాడి మీ సర్వర్లో తమ కోడు నడిపించగలరు.

అసలు చిక్కు దీని తర్వాత ఉంది. కాలినడకన కొండెక్కేవాళ్లు అలిపిరిలో బ్యాగు ఇచ్చి రసీదు తీసుకుంటారు కదా. తిరుమలలో ఆ రసీదు చూపిస్తే బ్యాగు దొరుకుతుంది, ఎందుకంటే బ్యాగును కూడా బండిలో పైకి చేర్చారు. ఎన్జినెక్స్ ఎఫ్‌పీఎంకి పంపేది రసీదు ఒక్కటే. ‘స్క్రిప్ట్ ఫైల్‌నేమ్’ అనే పారామీటర్లో ఫైలు ఉన్న దారి మాత్రమే వెళ్తుంది, ఫైలు వెళ్లదు. ఎఫ్‌పీఎం ఆ దారిని తన కంటైనర్లోనే వెతుక్కుంటుంది. బ్యాగును అక్కడికి చేర్చే పని మనది.

నాకిది అనుభవం మీద తెలిసింది. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జికి రూముల పేజీ చేస్తున్నా. గదుల ఫోటోలు చక్కగా వస్తున్నాయి. రేట్ల పేజీ నొక్కితే తెల్లటి తెర మీద ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అని ఒక్క ముక్క. పోర్టు మీద అనుమానపడి రెండు గంటలు దాన్నే మార్చి మార్చి చూశాను, ఒకటే టెన్షన్. చివరికి వెబ్ కంటైనర్ లాగ్ (జరిగినవాటి చిట్టా) చూస్తే, ఎఫ్‌పీఎం పంపిన ‘ప్రైమరీ స్క్రిప్ట్ అన్‌నోన్’ అనే మాట ఉంది. యాప్ కంటైనర్లోకి వెళ్లి ఫోల్డరు తెరిస్తే ఖాళీ. కోడును వెబ్‌కి మాత్రమే మౌంట్ చేశాను, అంటే ఆ ఫోల్డరును వెబ్ లోపల మాత్రమే కనిపించేలా పెట్టాను.

అందుకే తెర మీద మాటను జాగ్రత్తగా చదవండి. 404 (ఫైలు దొరకలేదనే ఎర్రర్) కింద ఎన్జినెక్స్ పేరుంటే ఫైలు దొరకలేదన్నది ఎన్జినెక్స్. పేరేమీ లేకుండా ‘ఫైల్ నాట్ ఫౌండ్’ ఒక్కటే ఉంటే అన్నది ఎఫ్‌పీఎం. అంటే పోర్టు బాగానే ఉంది, కనెక్షన్ కుదిరింది, దారి ఒక్కటే తప్పు.

కోడు ఫోల్డరును రెండు కంటైనర్లకూ ఒకే దారిలో మౌంట్ చేయండి. అధికారిక పీహెచ్‌పీ ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే అచ్చు) వాడే దారి /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/హెచ్‌టీఎంఎల్. ఎన్జినెక్స్ ఇమేజ్‌లో మొదటినుంచీ ఉండే రూట్ (ఫైళ్లు వెతికే ఫోల్డరు) వేరే చోట, /యూఎస్ఆర్/షేర్ కింద ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయకుండా, కాన్ఫిగ్‌లో రూట్‌ని పీహెచ్‌పీ దారికే మార్చండి. వెబ్‌కి కోడు చదవడం చాలు కాబట్టి ఆ మౌంట్ చివర ‘ఆర్ఓ’ (రీడ్ ఓన్లీ) తగిలించండి.

ఇంటి పని: యాప్ మౌంట్ లైను తీసేసి, కంటైనర్లు మళ్లీ లేపి తెర చూడండి. తర్వాత లైను తిరిగి పెట్టి, యాప్‌ని ఆపేసి చూడండి. రెండు తప్పులూ రెండు రకాలుగా కనిపిస్తాయి. రెంటినీ కావాలని ఒకసారి చేసి చూసినవాళ్లకు అర్ధరాత్రి ఫోన్ వచ్చినా చెయ్యి తడబడదు.

వచ్చే పాఠం ఎఫ్‌పీఎం వర్కర్ల (ఒక్కోటి ఒకసారికి ఒక్క రిక్వెస్టు చూసే ప్రాసెస్‌ల) లెక్క. ఇమేజ్‌లో వచ్చే కాన్ఫిగ్ ప్రకారం ఒకేసారి 5 మాత్రమే పనిచేస్తాయి. వైకుంఠ ఏకాదశి ముందురోజు రూముల పేజీకి ఆ 5 ఎందుకు చాలవో, మెమరీ చూసుకుని ఎంతకు పెంచాలో లెక్క వేద్దాం.