కుండీలో పోసే ముందు మట్టిని తడిపి చూడండి

మిద్దెతోటకు మట్టి తెప్పించేటప్పుడు చాలామంది రంగు చూసి ఎంచుకుంటారు. అసలు చూడవలసింది రేణువుల పాళ్లు. మొక్కలకు బాగా నప్పే గరప మట్టిలో (లోమ్) సుమారు 40 శాతం ఇసుక, 40 శాతం సన్నని ఒండ్రు, 20 శాతం బంకమన్ను ఉంటాయి. అందుకే అందులో నీరు నిలవదు, అలాగని వెంటనే ఆరిపోదు, వేళ్లకు గాలీ అందుతుంది.

పరీక్ష చాలా తేలిక. గుప్పెడు మట్టిలోంచి రాళ్లు ఏరేసి, చపాతీ పిండిలా అయ్యేవరకు కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ పిసకండి. ఉండ కట్టకుండా రాలిపోతే ఇసుక నేల. ఉండ కడితే దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయండి. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగిపోతే, వేళ్లకు మరీ గరుకుగానూ మరీ నున్నగానూ తగలకపోతే అది గరప. ఐదు సెంటీమీటర్లు దాటినా తెగకుండా జిగటగా అంటుకుంటే బంకమన్నే. నల్లరేగడి ఇలాగే సాగుతుంది. ఆ బంకమన్ను తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టే వేసవిలో రేగడి చేలు నెర్రెలు విచ్చుతాయి.

రేగడిని గుల్ల చేద్దామని కాస్త ఇసుక కలపడం మాత్రం దయచేసి వద్దు, మరింత గట్టిపడే ప్రమాదం ఉంది. బాగా మాగిన పశువుల ఎరువో, వర్మీకంపోస్టో ధారాళంగా కలపండి. ఇసుక మట్టికీ అదే మేలు, తడిని పట్టి ఉంచుతుంది.